దారుల పెద్ద వరహాలయ్య

ముళ్ళమెట్ట అడవిలో నీళ్ళకు కరువు లేదు, మేతకు కరువు లేదు. కరువల్లా దారులకే. మెట్ట పైనుంచి కింద వాగు దాకా ఒకటే ముళ్ళకంప. మడుగు ఎక్కడుందో, ఉప్పుగడ్డ ఎక్కడుందో, ఇప్పచెట్లు ఎప్పుడు పూస్తాయో అందరికీ తెలుసు. వెళ్ళడమే ఎవరి తరమూ కాదు. ఫోనులో బ్రౌజరు లేకపోతే ప్రపంచమంతా అందులోనే ఉన్నా మనకేం లాభం? ఆ అడవిలో దారి అలాంటిది.

ఆ దారులు తీసే పని అడవిపందులది. తాతల నాటి నుంచీ మూతితో నేల పెళ్ళగిస్తూ, కంప మొదళ్ళు కుమ్ముతూ, మెట్టంతా సన్నటి దారులు తీశాయవి. ఒకటి మడుగుకి, ఒకటి ఉప్పుగడ్డకి, ఒకటి ఇప్పతోపుకి. నువ్వెవరు, ఎందుకెళ్తున్నావు, ఎప్పుడొస్తావు అని అడిగే నాథుడు లేడు. ఎవరికి ఏ దారి కావాలంటే ఆ దారి. కొత్తది కావాలంటే పందులతో ఒక మాట చెబితే సరి. ఎవరికి వాళ్ళు తీసుకున్నా కాదనేవాళ్ళు లేరు.

మన కథ నాటికి ఆ పని వరహాలయ్య చేతికి, అంటే మూతికి, వచ్చింది.

వరహాలయ్యకి పని మీద ప్రేమ ఉంది. కాకపోతే ఆ పనికి తగ్గ పేరు రాలేదన్న దిగులు ఆ ప్రేమ కంటే కాస్త లావుగా ఉంది. పొద్దున్నే లేచి, మూతి పుళ్ళు పడేలా కంప కుమ్మి, సాయంత్రం దారి పక్కన నిలబడేవాడు, ఎవరైనా ఒక మంచి మాట అంటారేమోనని.

"వరహాలన్నా, ఉప్పుగడ్డ దారిలో నిన్న నా కాలికి ముల్లు దిగింది," అనేది దుప్పి తిలోత్తమ.

"దారి నీ ఎత్తుకు తీశావు సరే, కొమ్ములున్నవాళ్ళ సంగతి చూడొద్దా?" అనేవాడు ఆమె మొగుడు.

"వానొస్తే జారుతోందయ్యా," అనేవాడు ముళ్ళపంది సూరన్న.

వరహాలయ్య ఇంటికొచ్చి భార్య భూదేవమ్మ దగ్గర వాపోయేవాడు. "దారి బాగుంది అని ఒక్కడైనా అన్నాడంటే!"

"దారి బాగుంటే దాని సంగతి ఎవరికి గుర్తొస్తుందయ్యా? ముల్లు గుచ్చుకుంటేనేగా కిందికి చూసేది," అనేది భూదేవమ్మ. "తిని పడుకో."

తిని పడుకునేవాడు గానీ నిద్ర పట్టేది కాదు. తనకి సన్మానం జరుగుతున్నట్టు, అడవికి తీర్పులు చెప్పే ఏనుగు ఐరావతమ్మ స్వయంగా మెడలో పూలతీగ వేస్తున్నట్టు ఊహించుకుంటే తప్ప రెప్ప వాలేది కాదు.

అలా ఉండగా ఒక ఎండాకాలం నక్క పరంధామయ్య రాచబాట వేయించాడు.

పరంధామయ్య నక్క అని అందరికీ తెలుసు. ఆయనా ఎప్పుడూ దాచుకోలేదు. కానీ బాట అలాంటిది మరి. వలస వచ్చిన అడవిదున్నలకి పచ్చిక ఆశ చూపించి, మెట్ట నడుమ కంపనంతా తొక్కించాడు. నలుగురు పక్కపక్కన నడిచేంత వెడల్పు. రెండు వైపులా నీడ. కింద నేల మీద, వాగు ఒడ్డు నుంచి తెచ్చి పరిచిన పిండిలాంటి మెత్తటి దుమ్ము. పాదం పెడితే పరుపు మీద పెట్టినట్టుంది.

మొదటి రోజు అందరూ అంచున నిలబడి చూశారు.

"నడవాలంటే ఏమివ్వాలి?" అని అడిగాడు సూరన్న.

"ఛ ఛ! ఇది వ్యాపారం కాదు నాయనా, సేవ. అంతా ఉచితం."

"మరి నీకేమిటి లాభం?"

పరంధామయ్య గుండె మీద పంజా వేసుకున్నాడు. "మీ పాదాలు నా బాట మీద పడటమే నాకు లాభం."

ఆ మాటకి కొందరికి కళ్ళు చెమర్చాయి. ఆ నక్క జన్మలో చెప్పిన ఒకే ఒక్క నిజం అదేనని అప్పుడు ఎవరికీ తెలీదు.

నెల తిరక్కుండానే అడవంతా బాటెక్కింది. పంది దారుల్లో సడి లేదు. వరహాలయ్య ఖాళీ దారి పక్కన కూచుని, ఎవరైనా వస్తారేమోనని మెడ సాచి చూసేవాడు. ఒక రోజు ఒక పేడపురుగు వచ్చింది. పరుగున ఎదురెళ్ళి, "రండి రండి, ఎక్కడికి?" అన్నాడు. "బాట ఎటువైపండీ? తప్పిపోయి ఇటొచ్చాను," అంది పేడపురుగు.

సరిగ్గా ఆ సమయానికి వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"వరహాలయ్యగారూ, మీరు లేకపోతే ఈ అడవి ఏమైపోయేదండీ!"

వరహాలయ్య చుట్టూ చూశాడు, ఇంకో వరహాలయ్య ఎవరైనా ఉన్నాడేమోనని. పరంధామయ్య తోక మడిచి వినయంగా కూచుని ఉన్నాడు.

"నా బాట మీద అందరూ నడుస్తున్నారు, నిజమే. కానీ అసలైన దారులంటే మీవి. తాతలు తీసినవి. ఇవి మూతపడితే నా గుండె ఆగిపోతుంది."

"అవునా?" అన్నాడు వరహాలయ్య. ఈ మాట కోసం ఎన్నేళ్ళుగానో కాచుకున్నాడు. నక్క నోట వస్తుందని మాత్రం అనుకోలేదు. ఏ నోట వచ్చినా మాట మంచిదే కదా అనుకున్నాడు.

"నా బాట ఒక్కటే మిగిలిందనుకోండి. రేపు ఐరావతమ్మ పిలిచి, అడవంతా నీ కాళ్ళ కింద పెట్టుకున్నావేమిరా అంటుంది. మీ దారులు ఉండాలి. మీరు ఉండాలి. అందుకే మిమ్మల్ని దారుల పెద్దని చెయ్యాలని నా కోరిక. రోజూ మా పందికొక్కులు తవ్విన కందదుంపలు మీ ఇంటికొస్తాయి. బాట పక్కన మంచి బురదగుంట ఒకటి ఉంది, అది మీదే."

"దానికి నేనేం చెయ్యాలి?"

"ఉంటే చాలండి."

"ఉండటమేనా?"

"ఉండటమే. ఎవరైనా అడిగితే, ఉన్నాను అనండి. ఆఁ, ఒక చిన్న విషయం. మీ దారుల మొదళ్ళు కాస్త మా బాట వైపు తిప్పుకుంటే, కొత్తవాళ్ళు తికమక పడకుండా ఉంటారు."

భూదేవమ్మ విని మూతి విరిచింది. "దారి మొదలే వాడి బాటలోకి తిప్పితే ఇక మన దారిలోకి వచ్చేదెవరు?"

"నీకు పెద్ద పెద్ద విషయాలు అర్థం కావే. దారులు బతకాలంటే ముందు దారుల పెద్ద బతకాలి కదా. నేను దుంపలు తినేది నా కోసం కాదు, దారుల కోసం."

"అలా అయితే నువ్వు లావెక్కినప్పుడు దారులు కూడా వెడల్పు అవుతాయేమో చూద్దాం," అంది ఆవిడ.

వరహాలయ్య లావెక్కాడు. దారులు మాత్రం సన్నబడ్డాయి. మొదట్లో రోజూ కాసేపైనా కంప కుమ్మేవాడు. తరవాత, రేపు కుమ్ముదాం అనుకునేవాడు. ఆ తరవాత, అసలు ఎవరు నడుస్తున్నారని కుమ్మాలి అనుకున్నాడు. బురదగుంటలో పడుకుని, దారుల భవిష్యత్తు గురించి గంభీరంగా ఆలోచించేవాడు. ఆలోచన మొదలవగానే కునుకు పట్టేది. మూతి మీది కాయలన్నీ పోయి లేత పనసతొనలా నిగనిగలాడింది. నీళ్ళలో దాన్ని చూసుకుని, పెద్దరికం వచ్చాక ముఖంలో కళ వచ్చింది అనుకున్నాడు.

అటు బాట కూడా మెల్లగా వంకర్లు తిరగడం మొదలుపెట్టింది. తిన్నగా మడుగుకి పోయేది కాస్తా, ముందు పరంధామయ్య బావమరిది ఎముకల కొట్టు చుట్టూ తిరిగి, ఆపైన ఆయన మేనల్లుడి పుట్టతేనె అంగడి ముందుగా పోయి, అప్పుడు మడుగు చేరేది. గడ్డి తినే దుప్పులు రోజూ ఎముకల కొట్టు ముందు నిలబడి ఏం కొనాలో తెలియక తలలూపి వెళ్ళేవి. ఉప్పుగడ్డకి పోయే పాయ ఒక రోజు ఉన్నట్టుండి మూతపడింది. ఉప్పు ఇక నక్కగారి గుహ ముందు మాత్రమే దొరుకుతుందట.

"వరహాలన్నా, నువ్వు దారుల పెద్దవి. ఏదో ఒకటి చెయ్యి," అని తిలోత్తమ వచ్చి అడిగింది.

వరహాలయ్య బురదలోంచి తల పైకెత్తి, "ఈ విషయం మా దృష్టిలో ఉందమ్మా," అన్నాడు. ఆ 'మా' ఎవరో ఆయనకీ తెలీదు. అనగానే ఎంతో తృప్తిగా అనిపించింది.

ఒక మధ్యాహ్నం గుంటలో పూర్తిగా మునిగి, ఊపిరికి మూతి ఒక్కటే పైన పెట్టి పడుకున్నాడు. చూసేవాళ్ళకి బురదముద్దలా ఉంది. గట్టు మీద రెండు గొంతులు వినిపించాయి. ఒకటి పరంధామయ్యది. రెండోది వినగానే వరహాలయ్య వెన్ను మీద వెంట్రుకలు బురదలోనే నిక్కబొడుచుకున్నాయి. చిరుతపులిది.

"ఇదిగో దొరా, ఈ అడుగులు తిలోత్తమవి," అంటున్నాడు నక్క. "ముందు గిట్టలు కాస్త లోపలికి తిరుగుతాయి, గుర్తుపెట్టుకోండి. మందతోనే మడుగుకి వస్తుంది. తిరిగెళ్ళేటప్పుడు మాత్రం మూతపడిన ఉప్పు పాయ దగ్గర ఒంటరిగా ఆగి వాసన చూస్తుంది. రోజూ అంతే, ఎండ వాలే వేళకి. ఈ దుమ్ములో అన్నీ రాసినట్టు కనిపిస్తాయి. ఎవరు ఎప్పుడు ఎక్కడికి పోతారో, ఎవరి కాలు బాగాలేదో, ఎవరు కడుపుతో ఉన్నారో..."

"నీకేం కావాలి?" అంది చిరుత.

"తమరు తినగా మిగిలింది. తొడ మాత్రం ముట్టకూడదు, ముందే చెబుతున్నా."

అడుగుల చప్పుడు దూరమైంది. లేచి పరిగెత్తి తిలోత్తమకి చెప్పాలి. అది వరహాలయ్యకి తెలుసు. కానీ లేవబోయే లోపల బుర్రలో మరో వరహాలయ్య లేచాడు. నక్కలూ చిరుతలూ సవాలక్ష మాట్లాడుకుంటాయి, అన్నీ జరుగుతాయా? నేను సరిగ్గా విన్నానో లేదో, చెవుల్లో బురద ఉంది. అయినా నేను దారుల పెద్దని గానీ చిరుతల పెద్దని కాదు కదా. ఇంతలో పందికొక్కులు దుంపలు తెచ్చాయి. ముందు తిందాం, ఖాళీ కడుపుతో ఏ నిర్ణయమూ తీసుకోకూడదు అనుకున్నాడు. తిన్నాక నిద్ర వచ్చింది.

ఆ మర్నాడు ఎండ వాలే వేళ ఉప్పు పాయ దగ్గర చిరుత తిలోత్తమ మీద పడింది. ఆవిడ గట్టిది. తుంటి చీలిపోయినా విదిలించుకుని, బాట పక్క కంపలోకి దూకి ప్రాణం దక్కించుకుంది. ఆవిడ పెట్టిన కేక బురదగుంట దాకా వినిపించింది. వరహాలయ్య నోట్లో దుంప ఉంది. మింగలేకపోయాడు, ఉమ్మలేకపోయాడు.

అడవంతా ఐరావతమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ధర్మాత్మురాలే. ఒక్కటే లోటు, ముళ్ళకంపా గడ్డిపోచా ఆవిడ కాళ్ళకి ఒకటే గనక, దారుల గొడవేమిటో ఆవిడకి ఎప్పుడూ అర్థం కాలేదు.

"ఈ బాట మీద మాకు రక్షణ లేదు తల్లీ," అంది తిలోత్తమ, మూడు కాళ్ళ మీద నిలబడి. "వేరే దారి లేక నడుస్తున్నాం."

"వేరే దారి లేదా?" పరంధామయ్య నోరు తెరిచాడు. "అమ్మా, నేనెవరినైనా నా బాట మీద నడవమని మెడ పట్టి తోశానా? అందరి దారులూ పదిలంగా ఉన్నాయి. వాటికొక పెద్ద ఉన్నాడు. ఆయన్నే అడగండి."

అన్ని తలలూ వరహాలయ్య వైపు తిరిగాయి. ఆయన ఇంటి దగ్గర బయలుదేరినప్పుడు నిజం చెప్పాలనే బయలుదేరాడు. దారిలో ఆ మాటలు రెండుసార్లు చెప్పుకున్నాడు కూడా. కానీ అందరూ అలా తన కోసం ఎదురుచూస్తుంటే ఒళ్ళు పులకరించింది. పక్కనుంచి పరంధామయ్య, "ఇలాంటి పెద్దమనుషులు ఉండబట్టే," అని మెల్లగా అన్నాడు.

"దారులు... ఉన్నాయి తల్లీ," అన్నాడు వరహాలయ్య. "తాతల నాటివి. ఎక్కడికీ పోలేదు."

అది నిజమే. ఆ దారులు ఎక్కడికీ పోలేదు. ఎవర్నీ ఎక్కడికీ తీసుకుపోయే స్థితిలోనూ లేవు.

"అయితే ఇంకేం?" అంది ఐరావతమ్మ. "బాట నచ్చనివాళ్ళు వరహాలయ్య దారిలో పోండి." తీర్పు అయిపోయింది. పరంధామయ్య తోక ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

తిలోత్తమ మాత్రం కదల్లేదు. కుంటుకుంటూ వచ్చి వరహాలయ్య ఎదుట నిలబడింది.

"పద అన్నా."

"ఎక్కడికమ్మా?"

"ఉన్నాయన్నావుగా. చూపించు. ఇప్పుడే నడుస్తాను."

సూరన్న, భూదేవమ్మ, దుప్పుల మందలో కొందరు వెనక నిలబడ్డారు. వరహాలయ్య గొంతు సవరించుకుని, హుందాగా ముందు నడిచాడు. ఉప్పుగడ్డ దారి మొదలు వెతకడానికే చాలాసేపు పట్టింది. దొరికాక తల దూర్చాడు. భుజాలు దూరాయి. పొట్ట దూరలేదు. వెనక్కి లాగబోయాడు. ముళ్ళు పట్టుకున్నాయి. ముందుకి కుమ్మబోయాడు. లేత మూతికి మొదటి ముల్లు దిగగానే, తాతలెవరూ పెట్టని కేక ఒకటి పెట్టాడు.

అలా ముఖం కంపకీ, వెనక భాగం సభకీ చూపిస్తూ ఇరుక్కుపోయాడు.

"బాగుందన్నా దారి," అన్నాడు సూరన్న.

ఎవరూ నవ్వలేదు. ఎవరి ముఖమూ కనిపించకపోవడం వల్లనో, తన ముఖం ఎవరికీ కనిపించకపోవడం వల్లనో, వరహాలయ్యకి హఠాత్తుగా మాట తేలికైంది.

"తిలోత్తమా, నేను విన్నానమ్మా."

"ఏం విన్నావు?"

"వాడు నీ అడుగులు చిరుతకి చూపించాడు. ఆ దుమ్ము పరిచింది మన కాళ్ళ సుఖానికి కాదు, అడుగులు పడటానికి. ముందు రోజే విన్నాను. చెప్పలేదు. దుంపలు వచ్చాయి, తిని పడుకున్నాను." వెనక కాళ్ళు ఒకసారి నేలని గీరాయి. "అప్పుడేమీ అనిపించలేదని కాదు. అనిపించింది. తిన్నాక తగ్గింది."

తిలోత్తమ ఆ వెనక భాగాన్నే చూసింది. తన్నాలనిపించింది. తన్నడానికి కావలసిన కాలే దెబ్బతిన్నది.

"బయటికి లాగండి," అంది చివరికి. "వీడితో పనుంది."

ఇద్దరు మగదుప్పులు, భూదేవమ్మ కలిసి కాళ్ళు పట్టుకుని లాగితే వరహాలయ్య ఊడివచ్చాడు, కొంత బొచ్చు లోపలే వదిలి.

"ఐరావతమ్మ దగ్గరికి పోయి ఉన్నదంతా చెబుతాను," అన్నాడు.

"ఇందాకే ఉన్నాయని చెప్పావు, ఇప్పుడు లేవంటావు. నీ మాటకి ఇక విలువేముంది?" అంది భూదేవమ్మ. "నువ్వు వెళ్ళి నీ గుంటలో పడుకో. ఎప్పట్లాగే ఉండు. నీకు బాగా వచ్చిన పని అదొక్కటే." తరవాత తిలోత్తమ వైపు తిరిగి, "అడుగులే కదమ్మా వాడికి కావలసింది? అడుగులే ఇద్దాం," అంది.

ఆ రోజు నుంచి దుప్పుల మంద సాయంత్రం పూట బాట మీదుగా వెదురుపొద దాకా నడిచేది. తిలోత్తమ అందరికంటే చివర, ఒంటరిగా, కుంటుతూ నడిచేది. కుంటి అడుగు దుమ్ములో ఎంత స్పష్టంగా పడుతుందో, చిరుతకి అదెంత తీపి కబురో ఆవిడకి తెలుసు. అయినా నడిచింది. పొద చేరాక అందరూ వాగులోకి దిగి, రాళ్ళ మీదుగా, నీళ్ళలోంచి ఇంటికి పోయేవాళ్ళు. వెళ్ళిన అడుగులు దుమ్ములో మిగిలేవి. తిరిగొచ్చినవి ఎక్కడా ఉండేవి కావు.

పరంధామయ్య రోజూ వచ్చి చూసేవాడు. ఒకసారి గుంట గట్టు మీద ఆగి, "పాపం, తిలోత్తమ కాలు ఇంకా నయం కాలేదనుకుంటాను. వెదురుపొద దగ్గరే ఉంటోందా?" అన్నాడు.

"ఉంటోందనే విన్నాను," అన్నాడు వరహాలయ్య.

"దుంపలు సరిపోతున్నాయా?"

"ఏదో, మీ దయ."

ఆ రోజు దుంప గొంతు దిగలేదని చెప్పాలని నాకూ ఉంది గానీ, దిగింది. రెండు దిగాయి.

మర్నాడు పొద్దువాలే వేళ మంద బాటెక్కలేదు. వెదురుపొదలో సూరన్న, అతని అన్నదమ్ములు, బావమరుదులు, ముళ్ళు నిక్కించుకుని వీపులు బయటికి పెట్టి కూచున్నారు. చీకటి పడుతుండగా సూరన్న కావాలనే ఆకుల్లో కాలు ఈడ్చాడు, కుంటిదానిలా. చిరుత ఒక్క ఉదుటున దూకింది.

ఆ గర్జన విని మెట్ట మీద పిట్టలన్నీ లేచాయి. కొండవార నిద్రకి సిద్ధమవుతున్న ఐరావతమ్మ కూడా చెవులు విప్పింది. చిరుత ముఖం నిండా ముళ్ళతో బాట మీదికి వచ్చి, అడవంతా దద్దరిల్లేలా అరిచింది.

"పరంధామం! కుంటి దుప్పి అన్నావు! ముళ్ళపందుల మీదికి తోలావు కదరా! నిన్నటి దాకా చెప్పిన అడుగులన్నీ ఇందుకేనా? తొడ కావాలా నీకు? నీ తొడే తింటాను!"

ఇక ఎవరూ సాక్ష్యం చెప్పాల్సిన పని లేకపోయింది.

పరంధామయ్య గుహలోంచి బయటపడి తన బాట మీదే పరుగందుకున్నాడు. ఎంత వేగంగా పరిగెత్తినా వెనక అడుగు పడుతూనే ఉంది, కొత్త దుమ్ములో అచ్చు గుద్దినట్టు. చిరుత ఒక కన్ను మూసుకుపోయినా, రెండో కంటితో ఆ అడుగులు చూసుకుంటూ వచ్చేస్తోంది. చివరికి గత్యంతరం లేక నక్క బాట వదిలి కంపలోకి దూకాడు. చిరుతకి ఆ రోజుకి ముళ్ళు చాలు. బయటే నిలబడి తిట్టినన్ని తిట్లు తిట్టి, మెట్ట దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ వైపు రాలేదు.

పొద్దున్నే ఐరావతమ్మ అందర్నీ పిలిచింది. "ఆ రోజు నాకు తెలియక తీర్పు చెప్పాను. అడిగి తెలుసుకోవలసింది," అంది సూటిగా. "ఇక మీదట ఈ బాట అందరిదీ. ముందు ఆ దుమ్మంతా ఊడ్చెయ్యండి. పాత దారులన్నీ తెరవండి, ఒక్క బాటనే నమ్ముకుని ఉండొద్దు. ఇంకో మాట. దారుల పెద్దకి ఎవడూ ఒక్కడే తిండి పెట్టకూడదు."

చివరి మాటకి వరహాలయ్య కడుపు దానంతటదే గుర్రుమంది. అందరికీ వినిపించింది.

"పెద్దరికం నాకొద్దు తల్లీ," అన్నాడు తల దించుకుని. "పని మాత్రం ఇవ్వండి."

దారులు తెరవాలనగానే సభలో అందరూ ఆవేశంగా ఒప్పుకున్నారు. మర్నాడు పనికి వచ్చింది భూదేవమ్మ, సూరన్న, కుంటుకుంటూ తిలోత్తమ. ఆవిడ వరహాలయ్యతో మాట్లాడలేదు. అతను కుమ్మిన కంపని కాలితో పక్కకి నెట్టింది, అంతే. ఆ మాత్రమే తనకి ఎక్కువని వరహాలయ్యకి తెలుసు. లేత మూతి చీరుకుపోయి రక్తం కారుతున్నా నోరెత్తలేదు. రెండో రోజు మరో నలుగురు వచ్చారు, ఎక్కడెక్కడ తప్పు చేస్తున్నారో చెప్పడానికి. తరవాత వాళ్ళే సిగ్గుపడి ఒక చెయ్యి వేశారు.

ఉప్పుగడ్డ దారి సగం తెరిచేసరికి కంప నడుమ నుంచి మూలుగు వినిపించింది. లోపల పరంధామయ్య, ముళ్ళతీగల్లో చుట్టుకుపోయి, డొక్కలు ఎండి, కదల్లేక ఉన్నాడు.

"వరహాలయ్యగారూ, ఇటువైపు అందరి దారి ఏమైనా ఉందాండీ?"

"ఉండనీ, ఇక్కడే ఎండనీ," అన్నాడు సూరన్న. వరహాలయ్య కూడా మూతి పక్కకి తిప్పాడు.

తిలోత్తమ చాలా రోజుల తరవాత మొదటిసారి అతనితో మాట్లాడింది. "తియ్యి. అందరి దారి అన్నాక వీడినొక్కడినీ వద్దంటే ఇది మళ్ళీ మనలో ఎవరో ఒకరి దారి అయిపోతుంది."

వరహాలయ్య కుమ్మాడు. పరంధామయ్య బొచ్చు సగం కంపకి వదిలి, పాకుతూ బయటికొచ్చాడు. ఒళ్ళు దులుపుకుని, దారి అటూ ఇటూ చూసి, నిట్టూర్చాడు.

"అబ్బ! ఏం దారండీ వరహాలయ్యగారూ! ఇలా కుమ్మగలవాళ్ళు ఈ మెట్ట మీద ఇంకొకరు లేరు. దీన్నే కాస్త వెడల్పు చేసి, పైన నాలుగు గంపల దుమ్ము..."

ఇంత జరిగాక కూడా వరహాలయ్య చెవులు ఒక్క క్షణం నిక్కాయి. తనే వాటిని తల విదిలించి కిందికి దించుకున్నాడు.

"నోరు మూసుకుని నడువు," అన్నాడు.

నక్క, సగం బొచ్చుతో, చూసేవాళ్ళందరి మధ్య నుంచి, ఆ సన్నటి దారిలో ఒకరి వెనక ఒకరుగా పోయే వరసలో చిట్టచివర నిలబడి, నడిచి వెళ్ళాడు.

నీతి: అందరి కోసం కాపలా ఉండేవాడు ఒక్కడు పెట్టే తిండికి అలవాటు పడితే, దారుల కంటే ముందు మూసుకుపోయేది వాడి నోరే.